మనసా, వాచా, కర్మణా – ఎవరి పట్ల?

గట్టిగా మాట ఇవ్వాల్సి వచ్చినప్పుడు తెలుగువాడు సంస్కృతాన్ని పిలుచుకుంటాడు. "మనసా వాచా కర్మణా" అంటాడు. "త్రికరణశుద్ధిగా చెబుతున్నా" అంటాడు. పెళ్లి సంబంధం ఖాయం చేసుకునేటప్పుడు, పొలం గట్టు తగాదా తెంపుకునేటప్పుడు, ఎన్నికల సభలో, దేవుడి ఎదుట ఈ మాట వినబడుతూనే ఉంటుంది. ఇంతగా వాడి వాడి నలిగిన మాట వెనుక మూడు వేల ఏళ్ల వాదం ఉంది. అనుకున్నదే అనాలి, అన్నదే చేయాలి అని ఒక్క వాక్యంలో తేల్చేస్తాం గానీ, ఆ వాక్యాన్ని మన శాస్త్రాలు అంత సులువుగా ఒప్పుకోలేదు. అనుకున్నది చెడ్డదైతే? అన్నమాట నిలబెట్టుకుంటే ఇంకొకరి ప్రాణం పోయేటట్టుంటే? మనసులో ఉన్నదంతా బయటికి అనాలా? ఈ ప్రశ్నలన్నీ ఆ గ్రంథాలలోనే ఉన్నాయి.

వాటిని చూడటానికి కోరుకొండ మంచి చోటు. రాజమహేంద్రవరానికి ఉత్తరాన సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, మెట్ట పొలాల మధ్య నిటారుగా లేచిన కొండ ఇది. (విజయనగరం దగ్గర సైనిక్ స్కూలున్న కోరుకొండ వేరు.) కొండమీద లక్ష్మీనరసింహస్వామి. కోరిన కోర్కెలు తీర్చే కొండ కాబట్టి కోరుకొండ అయిందని భక్తులు చెప్పుకుంటారు. పరాశర మహర్షి ఇక్కడ తపస్సు చేశాడని స్థలపురాణం. 14వ శతాబ్దంలో, కాకతీయ రాజ్యం కూలిన తర్వాత, కొప్పుల నాయకులు ఈ ఊరిని రాజధాని చేసుకున్నారు. వారిలో ముమ్మడి నాయకుడు శ్రీరంగం నుంచి వచ్చిన పరాశర భట్టును గురువుగా స్వీకరించాడు. నరసింహుడు, పరాశరుడు, శ్రీరంగం భట్టర్ల సంప్రదాయం, ఈ మూడూ మనసు, మాట, చేత అనే త్రికరణాల ప్రశ్నకు మూడు వైపుల నుంచి తగులుతాయి. అందుకే ఈ పరిశీలనకు ఈ కొండను ఆసరా చేసుకుంటున్నాను.

ముందు మూలం. తైత్తిరీయ ఆరణ్యకంలో మొదటి ప్రశ్నను మనవాళ్లు అరుణం అంటారు. గోదావరి జిల్లాల కృష్ణయజుర్వేదుల ఇళ్లలో సూర్యనమస్కారాలతో కలిపి పారాయణ చేసే భాగం అది. అందులో సృష్టికి ముందున్న నీళ్లు వర్ణించబడతాయి. నీటిమీద ఒక తామరాకు, దానిమీద ప్రజాపతి ఒక్కడే. అతని మనసులో సృష్టించాలన్న కోరిక పుడుతుంది. అందువల్లనే మనిషి కూడా దేన్ని మనసుతో అందుకుంటాడో దాన్నే వాక్కుతో పలుకుతాడు, దాన్నే చేతితో చేస్తాడు అని ఋషి ముగిస్తాడు. ఇదే సన్నివేశం దాదాపు అవే మాటలతో నృసింహ పూర్వతాపనీయోపనిషత్తు ఆరంభంలోనూ వస్తుంది. నరసింహ ఉపాసనకు ఆధారమైన ఉపనిషత్తు త్రికరణాల వరుసతో మొదలవుతుందన్న సంగతి కోరుకొండ మెట్లెక్కే వాళ్లలో ఎక్కువమందికి తెలియకపోవచ్చు. తెలుసుకోదగ్గ సంగతి.

ఆ వాక్యంలో "చేయాలి" అన్న విధి లేదు, "చేస్తాడు" అన్న వర్ణనే ఉంది. మనసు, మాట, చేత ఒకదాని వెంట ఒకటి రావడం సృష్టి స్వభావమే అని ఋషి చూస్తున్నాడు. నిజం చెప్పడం కష్టమని, అబద్ధం తేలికని మనం అలవాటుగా అనుకుంటాం. ఈ దృష్టిలో అది తలకిందులు. మనసులో ఉన్నది నోటికి రావడం సహజం. రాకుండా ఆపి ఇంకొకటి అల్లడానికే శ్రమ కావాలి, జ్ఞాపకం కావాలి, రేపు దాన్ని కాపాడుకునే జాగ్రత్త కావాలి.

ఆ వరుస తెగుతుందన్న సంగతి మాత్రం ప్రాచీనులకు తెలియనిది కాదు. ఐతరేయోపనిషత్తు శాంతిపాఠంలో ఋషి తన వాక్కు మనసులో నిలవాలని, మనసు వాక్కులో నిలవాలని వేడుకుంటాడు. ఉన్నదాని కోసం ఎవరూ ప్రార్థించరు. తర్వాత కాలపు సుభాషితాలకు వచ్చేసరికి ఇది మనుషులను కొలిచే కొలబద్ద అయిపోయింది. మహాత్ములకు మనసు, మాట, చేత ఒక్కటే, దురాత్ములకు మూడూ మూడు దారులు అన్న శ్లోకం హితోపదేశంలోనూ సుభాషిత సంకలనాల్లోనూ కనిపిస్తుంది. మన బడిగోడల మీదికి, క్యాలెండర్ల మీదికి ఎక్కింది ఇదే. ఇక్కడితో ఆగిపోవడం వల్లే ఈ విషయం మనకు పలచగా అందిందని నా అభిప్రాయం.

ఎందుకంటే ఆ కొలబద్దతో హిరణ్యకశిపుణ్ణి కొలిచి చూడండి. అతను మనసులో హరిని ద్వేషించాడు. సభలో ఆ ద్వేషాన్నే పలికాడు. చేతల్లో దాన్నే నడిపాడు. కొడుకును కొండలమీద నుంచి తోయించినప్పుడు, ఏనుగులతో తొక్కించినప్పుడు అతని మనసులో ఒకటి, మాటలో ఒకటి లేవు. ఐక్యమే కొలత అయితే అతను మహాత్ముల పట్టీలో చేరాలి. రావణుడు కూడా చాలా చోట్ల అంతే. దాపరికం లేని క్రూరుడు కపటి కంటే మేలని అనేవాళ్లుంటారు. అతని చేతికింద నలిగేవాళ్లకు ఆ తేడా ఏమీ ఊరట ఇవ్వదు. కాబట్టి మూడూ ఒక్కటి కావడం ఒక సంగతి, మూడూ శుద్ధం కావడం ఇంకో సంగతి. మన పెద్దలు త్రికరణ ఐక్యం అని ఊరుకోకుండా త్రికరణ శుద్ధి అనడంలో ఈ జాగ్రత్త ఉంది.

నరసింహావతార కథను ఈ వైపు నుంచి చదివితే మరో సంగతి తేలుతుంది. దేవుడు అన్నిచోట్లా ఉన్నాడని ప్రహ్లాదుడు అన్నాడు. ఈ స్తంభంలో ఉన్నాడా అని తండ్రి అడిగాడు. పిల్లవాడికి తన మాటను రుజువు చేసే శక్తి లేదు. మనసు ఉంది, మాట ఉంది, చేత తన చేతిలో లేదు. అప్పుడు స్తంభం పగిలింది. తన సేవకుడి మాటను నిజం చేయడానికే అతను వచ్చాడని భాగవతం సప్తమ స్కంధం చెబుతుంది. ఆ సేవకుడంటే ప్రహ్లాదుడే కాక, వరమిచ్చిన బ్రహ్మ కూడా అని వ్యాఖ్యాతలు వివరిస్తారు. బ్రహ్మ ఇచ్చిన మాటలో ఒక్క అక్షరమూ పోలేదు. పగలూ రాత్రీ కాని వేళ, లోపలా బయటా కాని గడప, మనిషీ మృగమూ కాని రూపం. పోతన తెలుగులో ఈ ఘట్టం చదివి పెరిగిన మనకు కథ కంఠస్థం. నేను చెప్పదలచింది ఇది: బలహీనుడి మాట కింద చేతగా నిలబడటమే నరసింహతత్త్వం. కోరుకొండ మీద ఉన్నది ఆ దేవుడు.

ఇక శుద్ధి అంటే ఏమిటి? దీనికి ధర్మశాస్త్రాలు ఇచ్చిన జవాబు చాలా స్పష్టం. మనుస్మృతి పన్నెండో అధ్యాయం పది దోషాలను మూడు కరణాలకు పంచింది. పరుల సొమ్ముమీద ఆశ, పరులకు కీడు తలపోయడం, తప్పుడు నమ్మకాన్ని పట్టుకు వేళ్లాడటం మనసువి. పరుషం, అబద్ధం, చాడీ, పనికిమాలిన ప్రసంగం మాటవి. ఇవ్వనిది తీసుకోవడం, హింస, పరస్త్రీ సంగమం శరీరానివి. బౌద్ధులు చెప్పిన పది అకుశల కర్మలు కూడా ఇవే, అవే మూడు, నాలుగు, మూడు లెక్కలో. యజ్ఞాన్ని గౌరవించే శాస్త్రం, యజ్ఞాన్ని తిరస్కరించిన మతం ఒకే పట్టీ మీద నిలబడ్డాయి. గోదావరి సీమలో గుంటుపల్లి గుహల్లో, కోనసీమ ఆదుర్రు స్తూపం దగ్గర ఒకప్పుడు భిక్షువులు బోధించిన శీలానికీ, ఆ పక్క అగ్రహారాల్లో చెప్పుకున్న ధర్మానికీ ఈ ఒక్క విషయంలో తేడా లేదు. జైనుల తత్త్వార్థసూత్రం ఆరో అధ్యాయం శరీరం, వాక్కు, మనసుల కదలికను నిర్వచించడంతోనే మొదలవుతుంది. పారసీకుల ధర్మం మంచి తలపు, మంచి మాట, మంచి చేత అన్న మూడింటి మీదే నిలిచింది. క్రైస్తవ ప్రార్థనల్లో కూడా తలపుతో, మాటతో, చేతతో చేసిన పాపాలను ఒప్పుకోవడం ఉంది. పోలికలను ఇంతకంటే సాగదీయనక్కర్లేదు.

భగవద్గీత పదిహేడో అధ్యాయం దగ్గర మాత్రం ఆగాలి. అక్కడ తపస్సును శరీరం, వాక్కు, మనసు అని మూడుగా విడదీశారు. వరుస గమనించండి. అరుణంలో మనసుతో మొదలై చేతకు చేరింది, గీతలో శరీరంతో మొదలై మనసుకు చేరుతోంది. సృష్టి లోపలి నుంచి బయటికి వస్తే సాధన బయటి నుంచి లోపలికి వెళ్తోంది. ఇంకా ఆశ్చర్యం, మనం మాటకు సంబంధించినదనుకునే మౌనాన్ని గీత మనసు తపస్సులో పెట్టింది. మనసుకు సంబంధించినదనుకునే ఆర్జవాన్ని, అంటే వంకర లేనితనాన్ని, శరీర తపస్సులో పెట్టింది. నోరు మూసుకున్నా లోపల వాగుతూనే ఉంటే అది మౌనం కాదు. నిజాయితీ గుండెలో ఉందని చెప్పుకుంటే చాలదు, అది నడకలో, చేతిలో కనబడాలి. వాక్కు తపస్సుకు గీత పెట్టిన షరతులు నాలుగు: ఎదుటివాణ్ణి కలవరపెట్టకూడదు, నిజం కావాలి, ప్రియం కావాలి, హితం కావాలి. నాలుగూ ఒక్క వాక్యంలో కుదరడం ఎంత కష్టమో ఇంట్లో వృద్ధులకు రోగం సంగతి చెప్పాల్సి వచ్చిన ప్రతివారికీ తెలుసు.

అదే గీత మూడో అధ్యాయంలో ఇంద్రియాలను బిగపట్టి మనసులో విషయాలనే నెమరేసేవాణ్ణి మిథ్యాచారుడు అంది. మనసు లొంగకుండా శరీరాన్ని లొంగదీయడాన్ని అక్కడ తప్పుపట్టి, ఇక్కడ శరీరంతోనే మొదలుపెట్టమనడం పరస్పర విరుద్ధం కాదా అన్న సందేహం న్యాయమైనదే. నాకు తోచిన సమాధానం ఇది. శరీరంతో మొదలుపెట్టేవాడు మనసు వైపు నడుస్తుంటే సాధకుడు. శరీరం దగ్గరే ఆగి, చేరిపోయానని లోకానికి చూపిస్తే మిథ్యాచారుడు. ఒకే చర్య, ఎటు తిరిగి ఉందన్నదే తేడా.

యోగసూత్రాలకు వ్యాసభాష్యం సత్యానికి ఇచ్చిన నిర్వచనం దీనికి ఇంకో కొలత చేరుస్తుంది. వాక్కూ మనసూ రెండూ వస్తువు ఎలా ఉందో అలా ఉండాలి అంటాడు భాష్యకారుడు. చూసినది, ఊహించి తెలుసుకున్నది, విన్నది ఎలా ఉందో అలాగే ఎదుటివాడికి చేరాలి. అంటే నమ్మినదే చెప్పానన్న సమర్థన చాలదు. నమ్మకమే వాస్తవానికి దూరంగా ఉంటే ఎంత నిజాయితీగా చెప్పినా అది సత్యం కాలేదు. చేతిలో ఫోను పట్టుకుని వచ్చిన ప్రతి వార్తనూ నమ్మి, నమ్మినదాన్ని నమ్మినట్టే నలుగురికీ పంపేవాడు కపటి కాకపోవచ్చు. భాష్యకారుడి లెక్కలో మాత్రం సత్యవాది కాడు. ఆయన ఇంకా ముందుకు వెళ్లి, ప్రాణులకు కీడు చేసే మాట సత్యంలా కనబడినా సత్యం కాదని, అది పుణ్యం వేషం వేసుకున్న పాపమని అంటాడు.

ఇది కేవలం సూత్రం కాదు. మహాభారతం కర్ణపర్వంలో ఇదే ప్రశ్న కత్తి రూపంలో వచ్చింది. గాండీవాన్ని ఇంకొకరికి ఇచ్చేయమని ఎవరంటే వాళ్ల తల తీస్తానని అర్జునుడికి ఒక వ్రతం ఉంది. యుద్ధంలో దెబ్బతిని శిబిరానికి చేరిన ధర్మరాజు, కర్ణుణ్ణి ఇంకా చంపలేదన్న కోపంలో తమ్ముణ్ణి సరిగ్గా ఆ మాటే అన్నాడు. అర్జునుడు కత్తి దూశాడు. మనసులో వ్రతం, నోట ప్రతిజ్ఞ, చేత కత్తి. త్రికరణాలు పూర్తిగా ఏకమైన క్షణం అది. దాని ఫలితం అన్నగారి హత్య. కృష్ణుడు ఆపి, పెద్దలను సేవించి ధర్మం నేర్చుకోలేదంటూ అర్జునుణ్ణి గట్టిగా మందలించాడు. కౌశికుడి కథ చెప్పాడు. ఎప్పుడూ నిజమే చెబుతానని వ్రతం పట్టిన తాపసి అతను. దొంగలు తరుముతుంటే అడవిలో దాక్కున్న జనం ఎటు వెళ్లారో ఆ దొంగలకే చెప్పాడు. వాళ్లు చనిపోయారు, కౌశికుడు నరకానికి పోయాడు. తర్వాత కృష్ణుడు ఒక దారి చూపాడు. గౌరవించదగ్గ పెద్దను ఏకవచనంలో పిలిచి అవమానిస్తే అతణ్ణి చంపినట్టే, కాబట్టి ప్రతిజ్ఞ ఆ రూపంలో తీర్చుకోమన్నాడు.

ఈ ఘట్టాన్ని మాటల గారడీగా తీసిపారేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. కృష్ణుడు ప్రతిజ్ఞను వదిలెయ్యమనలేదు. దాన్ని హితం అనే గీటురాయి మీద పెట్టాడు. మాట నిలబెట్టుకోవడమన్నది మన పేరు నిలబెట్టుకోవడానికి అయినప్పుడు అది ఎదుటివాడి మెడ మీదికి వస్తుంది. కౌశికుడు ఆలోచించింది తన వ్రతం గురించి, దాక్కున్నవాళ్ల గురించి కాదు. ధర్మరాజు అశ్వత్థామ సంగతిలో చేసింది దీనికి రెండో వైపు. నోటితో నిజమూ పలికాడు, వినబడకుండా మింగాడు, మనసులో ఉద్దేశం మాత్రం ద్రోణుణ్ణి మోసగించడం. అప్పటిదాకా భూమికి నాలుగంగుళాలు పైన నడిచిన అతని రథం ఆ క్షణాన నేలను తాకిందని వ్యాసుడు రాశాడు. అక్షరం నిజమైనా ఉద్దేశం అబద్ధమైతే లెక్క అబద్ధం వైపే పడింది.

పరాశరుడి దగ్గరకు వద్దాం. పరాశర స్మృతి తనను తాను కలియుగ ధర్మశాస్త్రంగా చెప్పుకుంటుంది. అందులో యుగాల తేడా చెప్పే చోట, కృతయుగంలో పాపితో మాట్లాడినందుకే పతనమని, త్రేతలో తాకినందుకని, ద్వాపరంలో అన్నం తిన్నందుకని, కలిలో మాత్రం స్వయంగా చేసిన కర్మ వల్లనే పతనమని ఉంది. పరీక్షిత్తు మహారాజు కలిపురుషుణ్ణి పట్టుకుని కూడా చంపకుండా వదలడానికి భాగవతం చెప్పిన కారణం ఇలాంటిదే. ఈ యుగంలో మంచి తలపు వెంటనే ఫలిస్తుంది, చెడు మాత్రం చేస్తేనే అంటుకుంటుంది. మనసులో ఒక క్షణం మెరిసిన చెడు ఊహకు తమను తాము శపించుకునే సున్నిత మనస్కులకు ఇది పెద్ద ఊరట. మనసులో ఎన్నో వస్తాయి, పోతాయి. వాటన్నిటినీ నోటికి తేవడం నిజాయితీ అనుకునేవాళ్లు ఇంట్లోవాళ్లను ఏడిపిస్తారు తప్ప త్రికరణశుద్ధి సాధించరు. ఎవరో నోటికొచ్చిన దుర్భాష ఆడి, "నా మనసులో ఏదీ దాచుకోను" అని గొప్పగా చెప్పుకుంటే, పరాశరుడు దాన్ని చేతగానే లెక్కవేస్తాడు, ఎందుకంటే ఆ మాట అప్పటికే ఒకరికి తగిలింది.

ఇక శ్రీరంగం వైపు. ముమ్మడి నాయకుడి గురువు పేరు పరాశర భట్టు. ఈ పేరు ఆ వంశంలో రామానుజుల కాలం నుంచి వస్తోంది. తొలి పరాశర భట్టరు విష్ణుసహస్రనామాలకు భగవద్గుణదర్పణమనే భాష్యం రాసిన పండితుడు, రామానుజుల శిష్యుడైన కూరత్తాళ్వాన్ కుమారుడు. ఆ కూరత్తాళ్వాన్, తన మనసు ఒప్పని సిద్ధాంతం మీద చేవ్రాలు చేయమని చోళరాజు ఒత్తిడి చేస్తే ఎదురు చెప్పి కళ్లు పోగొట్టుకున్నాడని గురుపరంపర గ్రంథాలు చెబుతాయి. రామానుజులు తన గీతాభాష్యంలో పదమూడో అధ్యాయం దగ్గర ఆర్జవాన్ని నిర్వచించిన తీరు ఈ వ్యాసానికంతటికీ ఇరుసు అనుకుంటున్నాను. శంకరులు అదే చోట ఋజుత్వం, వంకర లేకపోవడం అని ఊరుకున్నారు. రామానుజులు మాత్రం ఇతరుల పట్ల మనసు, వాక్కు, శరీరాల నడత ఒకే రూపంగా ఉండటమే ఆర్జవం అన్నారు. "ఇతరుల పట్ల" అన్న ఈ చేర్పుతో విషయం మొత్తం మలుపు తిరిగింది. త్రికరణశుద్ధి నా లోపలి శుభ్రత గురించిన ధ్యానం కాకుండా, నా ఎదుట నిలబడ్డ మనిషికీ నాకూ మధ్య ఉన్న సంబంధం అయింది. హిరణ్యకశిపుడి చిక్కు కూడా, కౌశికుడి చిక్కు కూడా ఇక్కడ విడిపోతాయి. ఇద్దరికీ తమ లోపల పొంతన ఉంది, ఎదుటివాడు మాత్రం లెక్కలో లేడు.

శ్రీవైష్ణవ సన్యాసులు మూడు కర్రలు కలిపి కట్టిన త్రిదండం పట్టుకుంటారు. వాక్కు, మనసు, శరీరాల మీద అదుపు బుద్ధిలో నిలిచినవాడే త్రిదండి అని మనువు కూడా అన్నాడు. మూడు కర్రలు మూడుగానే ఉంటాయి, కట్టు వాటిని ఒకటిగా పట్టి ఉంచుతుంది. రామానుజుల శరణాగతి గద్యంలో అనాదిగా మనోవాక్కాయాలతో చేసిన అపరాధాలకు క్షమాపణ వేడుకోవడం ఉంది. అంతటి యతి కూడా ఈ విషయంలో నేను నెగ్గానని ప్రకటించలేదు, క్షమించమన్నాడు.

ముమ్మడి నాయకుడు శక సంవత్సరం 1280లో, అంటే 1358లో, తన గురువుకు ఒక గ్రామాన్ని దానం చేశాడు. ఆ శాసనం శ్రీరంగం తామ్రశాసనంగా చరిత్రకారులకు తెలుసు. దానం మనసులో సంకల్పం, నీళ్లు వదులుతూ పలికే మాట, ఊరు చేతికివ్వడం, మూడూ అయ్యాక కూడా రాగి రేకు ఎందుకు? రాజు పోతాడు, కొడుకు రావచ్చు, శత్రువు రావచ్చు. మన దానశాసనాల చివర సాధారణంగా ఉండే శ్లోకాలు ఇచ్చిన దాన్ని కాపాడటం ఇవ్వడం కంటే గొప్పదని చెబుతాయి. అంటే చేత ఒకసారి చేసి వదిలేసేది కాదు, ఏళ్ల తరబడి నిలవాల్సింది. 

తెలుగు సాహిత్యంలో ఈ ప్రశ్న తొలిరోజే ఎదురైంది. కోరుకొండకు గంట దూరం కూడా లేని రాజమహేంద్రవరంలో, 11వ శతాబ్దంలో, రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయ భారతం తెనిగించాడు. ఆదిపర్వంలో శకుంతల కొడుకు చేయి పట్టుకుని దుష్యంతుడి సభకు వస్తుంది. కాళిదాసు నాటకంలో రాజు శాపం వల్ల మరిచిపోయాడు. భారతంలో శాపం లేదు, ఉంగరం లేదు. రాజుకు అంతా గుర్తుంది. మనసులో ఎరుగుదునని ఉండి, నోటితో ఎరుగనన్నాడు. శకుంతల అక్కడితో ఊరుకోలేదు. నూరు బావుల కంటే ఒక దిగుడుబావి, దాని కంటే యాగం, దాని కంటే పుత్రుడు, నూరుగురు పుత్రుల కంటే ఒక్క సత్యవాక్యం గొప్పదని మెట్టు మెట్టుగా ఎక్కించి రాజును ప్రశ్నించింది. నన్నయ ఆ చోట పెట్టిన పద్యం తెలుగువాళ్లు తరతరాలుగా బడిలో వల్లెవేస్తున్నారు. చివరికి ఆకాశవాణి పలికాక రాజు ఒప్పుకుని, లోకం శంకిస్తుందని భయపడ్డానన్నాడు.

కాళిదాసు తన నాయకుణ్ణి కాపాడుకున్నాడు. వ్యాసుడూ నన్నయా కాపాడలేదు. ఈ విషయంలో నా ఓటు నన్నయకే. మనసుకూ మాటకూ మధ్య గండి పడేది ఎక్కువగా దుర్మార్గం వల్ల కాదు, నలుగురి భయం వల్ల. దుష్యంతుడు చెడ్డవాడు కాడు, పిరికివాడు. ఆ పిరికితనానికి మూల్యం చెల్లించింది సభ మధ్యలో నిలబడ్డ స్త్రీ, ఆమె చేతిలోని పిల్లవాడు.

ఎనిమిది శతాబ్దాల తర్వాత అదే రాజమహేంద్రవరంలో అదే భయం మళ్లీ బయటపడింది. కందుకూరి వీరేశలింగం 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టాడు, 1879లో వితంతు వివాహాలను సమర్థిస్తూ ఉపన్యాసాలు మొదలుపెట్టాడు. శాస్త్రం ఒప్పుకుంటుందని అంగీకరించిన చదువుకున్నవాళ్లు ఊళ్లో ఉన్నారు. 1881 డిసెంబరు 11న మొదటి పెళ్లి నిజంగా జరిగేసరికి వెలి భయం ముంచుకొచ్చి చాలామంది వెనక్కి తగ్గారు. వంటవాళ్లు, నీళ్లు తెచ్చేవాళ్లు రావడం మానేశారు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ స్వయంగా గోదావరి నుంచి నీళ్లు మోసింది, వంట చేసింది. ఆమె ఉపన్యాసాలివ్వలేదు, శాస్త్ర ప్రమాణాలు ఉటంకించలేదు. వీరేశలింగం మాట నిలబడిందంటే ఆ బిందె కారణం. పదకొండేళ్ల తర్వాత విజయనగరంలో ప్రదర్శించిన కన్యాశుల్కంలో గురజాడ సృష్టించిన గిరీశం వితంతు వివాహాలను నాలుక మీద మోసిన మనిషి. ఆ కాలపు సంస్కరణకు రాజ్యలక్ష్మమ్మ ఒక చివర, గిరీశం ఇంకో చివర.

చేత లేని మాటను తెలుగు జనం ఎన్నడూ క్షమించలేదు. మాటలు కోటలు దాటుతాయి, కాళ్లు గడప దాటవు అంటారు. ఉత్త నీతిబోధను శ్రీరంగనీతులు అంటారు. ఆ సామెత రెండో సగం ఒక శ్రమజీవుల కులాన్ని కించపరుస్తుంది కాబట్టి ఇక్కడ రాయను. మాట నిలకడ గురించిన సామెతే ఇతరుల పట్ల వంకరగా ఉంటే ఎలా?

ఈ ప్రశ్న ఇవాళ గోదావరి జిల్లాల్లో ఎక్కడ బతికి ఉందని అడిగితే కౌలు పొలంలో అంటాను. సార్వాకు, దాళ్వాకు ఎకరానికి ఇన్ని బస్తాలని మాట అనుకుంటారు. ఎక్కువ చోట్ల కాగితం ఉండదు. పెద్దమనుషుల ఎదుట అనుకున్న ఆ నోటిమాట మీద వేల ఎకరాలు దున్నబడుతున్నాయి. ఒక విధంగా ఇది వాక్కు మీద మన సమాజం పెట్టుకున్న గొప్ప నమ్మకం, దాన్ని చులకన చేయను. అయితే తుపాను వచ్చి చేను పడిపోయినప్పుడు పరిహారం పాసుబుక్కు ఉన్నవాడికి వస్తుంది. బ్యాంకు పంట రుణం కూడా అతని పేరునే ఉంటుంది. పెట్టుబడి పెట్టి నష్టపోయినవాడు ఎవరో యజమానికి తెలుసు, ఊరికి తెలుసు, చెప్పమంటే నోటితో చెబుతారు కూడా. కాగితం మీద మాత్రం ఆ రైతు లేడు.

2011లో కౌలుదారులకు రుణార్హత కార్డుల కోసం ఒక చట్టం వచ్చింది. 2019లో దాని చోట పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. కొత్త చట్టం కింద కార్డు కావాలంటే భూయజమాని అంగీకారంతో 11 నెలలకు ఒప్పందం రాసుకోవాలి. భూమి మీద సాగుదారుకు ఏ హక్కూ రాదని ఆ చట్టమే చెబుతోంది. అయినా సంతకం దగ్గర చేయి ఆగిపోతుంది. 1956 నాటి కౌలుదారీ చట్టం నాటిన భయం ఇంకా పోలేదు. కాగితం ఇస్తే రేపు పొలం చేజారుతుందేమోనన్నది దాని సారం. ఆ భయం పూర్తిగా నిరాధారమని నేను అనను. తరతరాల ఆస్తి గురించిన భయాన్ని ఉపన్యాసంతో పోగొట్టలేం. ప్రభుత్వం కూడా తన మాట చేతల్లో చూపాలి. కార్డు ఉన్న రైతుకు రుణమూ పరిహారమూ నిజంగా అందాలి, యజమాని హక్కు నిజంగా పదిలంగా ఉండాలి. ఒక్క పంటకాలం అలా జరిగిన ఊళ్లో రెండో ఏడు సంతకం అడగడం తేలికవుతుంది.

ఆ యజమాని చెడ్డవాడు కాకపోవచ్చు. పొలం ఇచ్చాడు, మాట తప్పలేదు, పంట పోయిన ఏడు మక్తా కొంత తగ్గించి ఉండవచ్చు. రామానుజుల నిర్వచనం అతణ్ణి ఒక్కటే అడుగుతుంది: సాగు చేస్తున్నది ఇతనేనని నువ్వు మనసులో ఒప్పుకుని, నోటితో ఒప్పుకున్న మనిషి పట్ల, ఆ ఒప్పుకోలు నీ చేతి రాతలో ఎందుకు లేదు? 11 నెలల ఒప్పందం, ఒక అంగీకార సంతకం, గ్రామ సచివాలయంలో ఒక పూట పని.